రెండు పలకలు ఎడమకి

ఫిబ్రవరి నెల, బుధవారం సాయంత్రం. డెట్రాయిట్ శివార్లలో చలి ఎముకలు కొరుకుతోంది. బయట కార్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. లోపల మాత్రం దీపాల వెలుగు, బంతులు దొర్లుతున్న చప్పుడు, పిన్నులు పడగానే కేరింతలు. పన్నెండో లేన్ దగ్గర నిలబడ్డ తెలుగాయన బంతి విసిరాడు. ఎప్పుడూ నిలబడే చోటి నుంచే, ఎప్పుడూ చూసే గుర్తు మీదుగానే. కానీ సగం దూరం పోయేసరికే బంతి ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు ఎడమకి తిరిగిపోయింది. అందరికన్నా ముందు నిలబడ్డ పిన్నును ముఖాముఖి గుద్దింది. పదింటిలో ఆరు పడ్డాయి. మిగిలిన నాలుగూ ఈ పక్కన రెండు, ఆ పక్కన రెండు... మధ్యలో ఎడ్లబండి పోయేంత ఖాళీ!

తర్వాతి సారి ఇంకాస్త బలంగా విసిరాడు. మళ్లీ అంతే. ఆ తర్వాత ఇంకా బలంగా. మణికట్టు నొప్పి పుట్టిందే తప్ప బంతి మాట వినలేదు. ఆట ముగిసేసరికి తెర మీద అతని పేరు పక్కన 118. ఆ లీగ్‌లో అతని సగటు 168.

పక్క బల్ల మీద కూర్చున్న జట్టు పెద్దాయన ఏమీ అనలేదు. తువాలుతో తన బంతి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆలమూరు నుంచి లేన్ల దాకా...

అతనిది ఆలమూరు. రాజమండ్రి నుంచి హైవే మీద కడియం నర్సరీలు దాటుకుని వచ్చి, జొన్నాడ దగ్గర గోదావరి వంతెన ఎక్కకుండా పక్కకి తిరిగితే వచ్చే ఊరు. అతను పుట్టినప్పుడు తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కోనసీమ జిల్లా. తండ్రి రైతు. రెండెకరాల వరి, ఇంటి చుట్టూ పది కొబ్బరి చెట్లు. ఒక్కడే కొడుకు. చదువు కాకినాడలో, మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో. 2000లో అమెరికా విమానం ఎక్కాడు.

బౌలింగ్ అతను కోరి నేర్చుకున్న ఆట కాదు. మిషిగన్‌లో చలికాలం పొడుగు. ఐదింటికి మసక, ఆరింటికి చీకటి. ఇల్లు, ఆఫీసు, మళ్లీ ఇల్లు. ఓ ఏడాది ఆఫీసులో ఎవరో 'మా జట్టులో ఒకరు తగ్గారు, వస్తావా?' అన్నారు. వెళ్లాడు. మొదటి రోజు బంతి పక్కనున్న కాలువలోకే ఎక్కువసార్లు పోయింది. లేన్‌కు రెండు వైపులా ఉండే ఆ గాడిని అక్కడివాళ్లు గటర్ అంటారు. అతని నోటికి మాత్రం కాలువ అనే వచ్చేది.

లీగ్ అంటే మనం పుట్టినరోజుకి పిల్లల్ని మాల్‌కి తీసుకెళ్లి ఆడించే ఓ గంట సరదా కాదు. సెప్టెంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగే పని. వారం వారం అదే రోజు, అదే వేళ, అవే జట్లు. ఒక్కో రాత్రికి మూడు ఆటలు. రెండు జట్లు పక్కపక్కనున్న రెండు లేన్లు పంచుకుని, ఒక్కో వంతుకు లేన్ మార్చుకుంటూ ఆడాలి. సగటు తక్కువున్నవాళ్లకి లెక్క ప్రకారం కొన్ని పాయింట్లు ముందే కలుపుతారు. అందుకే ఇరవై ఏళ్ల కుర్రాడూ, డెబ్బై ఏళ్ల తాతా ఒకే లేన్ మీద పోటీపడొచ్చు. అమెరికాలో ఈ ఆటకి 1895లోనే ఒక సమాఖ్య పుట్టింది. ఇప్పుడు నియమాలు చూస్తున్న సంస్థ యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2005లో ఏర్పడింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈ ఆటని ప్రదర్శన క్రీడగా కూడా ఆడించారు.

అతని జట్టులో నలుగురు. ఇతను, ఓ గుంటూరాయన, ఓ తమిళ సహోద్యోగి, కార్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన డెబ్బై రెండేళ్ల అమెరికన్ పెద్దాయన. ఆ పెద్దాయన యాభై ఏళ్లుగా లీగ్ ఆడుతున్నాడు. ఇతను ఊరెళ్లి వచ్చినప్పుడల్లా తెచ్చే తాపేశ్వరం కాజాకి మొదటి గిరాకీ ఆయనే.

బుధవారం ఆట అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. చలికాలంలో ఆలమూరులో అప్పటికి గురువారం ఉదయం ఏడున్నర. కారు వేడెక్కేలోపు ఇంటికి ఫోన్ చేయడం అతని అలవాటు. అమ్మే తీసేది. ఆట సంగతి ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఒక్కటే గుర్తుండేది. ''ఆ బల్ల మీద నూనె పోత్తారన్నావు కదరా, కాలు జారుద్దేమో చూసుకో నాన్నా'' అనేది.

కనపడని నూనె

ఆవిడ అన్నది నిజమే. బౌలింగ్ లేన్ మీద నూనె రాస్తారు. ఆడేవాళ్లు నడిచే చోట కాదు, బంతి దొర్లే చోట.

ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. వెడల్పు మూడున్నర అడుగులకి కాస్త తక్కువ. ఆ వెడల్పును 39 పలకలుగా లెక్కపెడతారు. ఒకప్పుడు నిజంగా చెక్క పలకలే. ఇప్పుడు చాలాచోట్ల సింథటిక్ లేన్లు, వాటి మీద పలకల గీతలు. ఏడుంపావు కిలోల దాకా బరువుండే బంతులు రోజంతా దొర్లుతుంటే చెక్క అరిగిపోతుంది కదా! ఆ చెక్కని కాపాడటానికే మొదట్లో నూనె రాసేవారు. ఎద్దుల బండి ఇరుసుకి కందెన పెట్టినట్టన్నమాట. రానురాను ఆ నూనే ఆటని నడిపించే సూత్రం అయింది.

ఒక లేన్‌కి పట్టే నూనె ఎంతో తెలుసా? దాదాపు 20 నుంచి 30 మిల్లీలీటర్లు. అంటే నాలుగైదు చెంచాలు. ఓ యంత్రం దాన్ని పల్చటి పొరలా పరుస్తుంది. మొదటి 40 అడుగుల వరకే నూనె. చివరి 20 అడుగులు పొడి. మామూలు లీగుల్లో మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. కంటికి మాత్రం లేన్ అంతా ఒకేలా తళతళలాడుతుంది. ఎక్కడ ఎంత ఉందో చెప్పగలిగేది బంతి ఒక్కటే.

చిన్నప్పుడు క్యారమ్స్ ఆడినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బోర్డు మీద బోరిక్ పౌడరు చల్లితే స్ట్రైకర్ రివ్వున జారుతుంది. పౌడరు అయిపోతే ఈడ్చుకుంటుంది. బౌలింగ్‌లో బంతి ఊరికే జారదు, తిరుగుతూ జారుతుంది. కుడిచేత్తో ఆడేవాళ్లు వేళ్లతో చిన్న మెలిక ఇచ్చి వదులుతారు. నూనె ఉన్నంతసేపూ ఆ మెలిక పనిచేయదు, బంతి నేరుగా పోతుంది. పొడి భాగం తగలగానే పట్టు దొరికి ఎడమకి వంపు తిరుగుతుంది. ఆ వంపులో వెళ్లి మొదటి పిన్నుకీ దాని కుడిపక్క వెనక పిన్నుకీ మధ్య సందులో తగిలితే పదీ పడతాయి. అదే స్ట్రైక్.

మరి నూనె ఆరిపోతే? క్రికెట్ చూసేవాళ్లకి తెలుసు, పొడి పిచ్ మీద బంతి గిర్రున తిరుగుతుంది, స్పిన్నర్‌కి పండగ. ఇక్కడ మాత్రం అది తద్దినమే. నలభై అడుగుల తర్వాత తిరగాల్సిన బంతి ఇరవై అడుగులకే తిరుగుతుంది. పిన్నుల దగ్గరికి చేరేసరికి అవతలి పక్కకి పోతుంది. లేదా దారిలోనే ఊపంతా ఖర్చైపోయి నీరసంగా తగులుతుంది. ఎదురుగా గుద్దితే ఇటూ అటూ పిన్నులు నిలబడిపోతాయి. స్ప్లిట్ అంటారు దాన్ని.

నూనె ఎటు పోతుందంటే, బంతులే తాగేస్తాయి. పాతకాలపు రబ్బరు బంతులూ, ప్లాస్టిక్ బంతులూ నూనెని అంతగా పీల్చవు. 1990ల మొదట్లో రెసిన్ పూత బంతులొచ్చాయి. వాటికి పట్టు ఎక్కువ, దాహమూ ఎక్కువే. పదిమంది కలిసి ఆ బంతులతో మూడు ఆటలు ఆడితే, అందరూ విసిరే ఆ నాలుగైదు పలకల మీద నూనె ఆరిపోతుంది. మొదటి ఆటలో ఉన్న లేన్ మూడో ఆటకి ఉండదు. ఆ ఏడాది వాళ్లు ఆడిన చోట ఇంకో తంటా ఉంది. పొద్దున నూనె రాసిన లేన్ల మీదే మధ్యాహ్నం పుట్టినరోజు పార్టీలు నడిచేవి. సాయంత్రం లీగ్ మొదలయ్యేసరికే సగం ఎండిపోయి ఉండేవి.

ఆ ఏడాదే...

లేన్లు అంతకుముందు ఏడాది కూడా ఎండేవి. అప్పుడు నెట్టుకొచ్చాడు. 2023లో మాత్రం ఎండింది లేన్ ఒక్కటే కాదు.

కార్తీక మాసంలో అమ్మ పోయింది. రాత్రి నిద్రలోనే. కబురు తెలిసేసరికి అతను ఆఫీసులో ఉన్నాడు. దొరికిన మొదటి విమానం ఎక్కినా ఇల్లు చేరడానికి రెండు రోజులు. ''మీ అమ్మని అన్ని గంటలు ఆ ఐసు పెట్టెలో ఉంచడం నా వల్ల కాదురా'' అన్నాడు తండ్రి. చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. ఇతను జొన్నాడ దగ్గర కారు మలుపు తిరిగేసరికి మూడో రోజు. పెద్ద కర్మ చేసి, డిసెంబరులో తిరిగొచ్చేశాడు. తండ్రికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ఇంట్లో ఆయన ఒక్కడూ.

తిరిగొచ్చిన రోజు నుంచీ ఫోన్‌లో ఒకటే మాట. ''నాన్నగారూ, వచ్చెయ్యండి. ఒక్కళ్లూ అక్కడేం చేస్తారు?'' ఆయన ''చూద్దాంలే'' అనేవాడు. మర్నాడు మళ్లీ అదే. వీసా కాగితాలు పంపాడు. టిక్కెట్టు కొంటానన్నాడు. పిన్నిచేత చెప్పించాడు. ఓ రోజు గొంతు పెంచాడు. ''మీకేమన్నా అయితే ఈసారి కూడా నేను మూడో రోజే రావాలా?'' అనేశాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ''ఉంటానురా. పాలవాడొచ్చాడు'' అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నుంచి నాలుగు సార్లు చేస్తే ఒకసారి తీసేవాడు.

బుధవారాలు మానేయలేదు. మానేస్తే జట్టుకి నష్టం. పైగా ఆ రెండున్నర గంటలూ ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. కానీ చేతిలో ఏదో బిగుసుకుపోయింది. బంతి తప్పుకున్నకొద్దీ బలం పెంచడం, పెంచినకొద్దీ ఇంకా తప్పుకోవడం. 118 వచ్చిన రాత్రి అలాంటిదే.

కాళ్లు జరుపు

ఆ రాత్రి బూట్లు విప్పుకుంటుంటే పెద్దాయన పక్కన కూర్చున్నాడు.

''బంతి మార్చావా?''

''లేదు.''

''నిలబడే చోటు?''

''లేదు.''

''గురి?''

అతను తలూపాడు, లేదని.

''మరి ఏం మార్చావు?''

''గట్టిగా విసిరాను.''

పెద్దాయన నవ్వలేదు. ''లేన్ ఎండిపోయింది. ఈ రాత్రికి అది మళ్లీ తడవదు. నువ్వు ఎంత గట్టిగా విసిరినా తడవదు. నువ్వే జరగాలి. వచ్చే వారం అరగంట ముందు రా'' అన్నాడు.

తర్వాతి బుధవారం అరగంట ముందే వెళ్లాడు. ఆ అరగంటలోనూ, ఆ తర్వాతి వారాల్లోనూ పెద్దాయన చెప్పినవి నిజానికి కష్టమైన విషయాలేం కాదు. లీగ్ ఆడే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు వినేవే.

మొదటిది కాళ్లు. కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకి ఎక్కువ తిరుగుతోందంటే, తనే ఎడమకి జరగాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది. బంతి ఎడమకి పోతుంటే మనం కుడికి జరగాలనిపిస్తుంది కదా! కానీ కుడి అంచే ఎక్కువ ఎండిపోయి ఉంటుంది. నూనె మిగిలేది మధ్యలో. ఎడమకి జరిగితే బంతి ఆ మిగిలిన నూనె మీదుగా పోతుంది. బయటికి వెళ్లి తిరిగి రావడానికి చోటూ దొరుకుతుంది. లెక్క కూడా ఉంది. కాళ్లు రెండు పలకలు జరిపితే చూపు ఒక పలక జరపాలి. చాలకపోతే మళ్లీ రెండూ, ఒకటీ. ఫౌల్ గీతకి పదిహేనడుగుల అవతల లేన్ మీద బాణం గుర్తులుంటాయి, ఐదేసి పలకలకొకటి. చూడాల్సింది వాటిని, చివరనున్న పిన్నుల్ని కాదు.

రెండోది బంతి. ఎండిన లేన్ మీద గరుకు బంతి మరీ పట్టేస్తుంది. నున్నగా పాలిష్ చేసినదో, పట్టు తక్కువున్నదో వాడాలి. అదీ లొంగకపోతే ప్లాస్టిక్ బంతి. కొత్తగా వచ్చినవాళ్లు ప్లాస్టిక్ బంతి పట్టుకోవడం నామోషీ అనుకుంటారు. పెద్దాయన సంచీలో మాత్రం అది ఎప్పుడూ ఉండేది. ఆట మొదలయ్యాక బంతిని గరుకు కాగితంతో రుద్దడం నిషిద్ధం.  పొడి తువాలుతో తుడుచుకోవచ్చు. అందుకే ఆయన ప్రతి వంతుకీ ముందు అంత శ్రద్ధగా తుడుచుకుంటాడు. బంతికి అంటిన నూనెని తుడవకపోతే అది ప్రతిసారీ ఒక్కో రకంగా పోతుంది.

మూడోది చెయ్యి. వేగం కొంచెం పెరిగితే మంచిదే, వేగంగా పోయే బంతికి తిరిగే వ్యవధి తక్కువ. కానీ ఆ వేగం భుజాన్ని బిగించి తెచ్చుకోకూడదు. బంతిని మొదట కాస్త ఎత్తులో పట్టుకుంటే చాలు. ఊయల ఎత్తు నుంచి వస్తే దానంతటదే ఊపందుకుంటుంది. భుజం బిగిస్తే వేళ్లు బలంగా మెలిపెడతాయి, బంతి ఇంకా తిరుగుతుంది. వారాల తరబడి అతను చేసిన తప్పు అదే. చెయ్యి బంతికి పక్కగా కాకుండా వెనక ఉండాలి. మెలిక తగ్గాలి.

నాలుగోది లెక్క. ఎండిన రాత్రి స్ట్రైకుల కోసం ఎగబడకూడదు. ఒక్క స్ట్రైకూ లేకుండా, పది వంతుల్లోనూ మొదటి బంతికి తొమ్మిది పిన్నులు కొట్టి, రెండో బంతికి మిగిలినదాన్ని పడగొడితే, చివర దక్కే అదనపు బంతికీ తొమ్మిది పడితే మొత్తం ఎంతో తెలుసా? 190. అతని సగటుకన్నా 22 ఎక్కువ! మిగిలినదాన్ని పడగొట్టడానికి మాత్రం మెలికే వద్దు. ప్లాస్టిక్ బంతితో నేరుగా, లేన్‌కి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకి. పొడీ తడీ అడ్డురాని దారి అది.

చెప్పడం తేలికే. ఇరవై ఏళ్లుగా నిలబడిన చోటు నుంచి రెండు పలకలు జరగడం కష్టం. రెండు పలకలంటే రెండంగుళాల పైచిలుకు, అంతే. అయినా అతనికి వేరే ఊళ్లో నిలబడినట్టుండేది. మొదటి రెండు వారాలు 131, 126, 140... కాళ్లు ఎడమకి జరిపి, చూపు జరపడం మరిచిపోయేవాడు. చూపు జరిపిన రోజు భుజం బిగించేవాడు. ''మరీ బిగించకు. అది పడేదే అయితే పడుతుంది'' అని వెనక నుంచి గొంతు వినిపించేది.

మార్చి మధ్యకి ఏదో కుదురుకుంది. మొదటి ఆటలో రెండు పలకలు. రెండో ఆట మధ్యలో మళ్లీ రెండు. మూడో ఆటకి నున్నటి బంతి. లేన్ మారుతున్నకొద్దీ తనూ మారడం. అన్నిటికన్నా ముఖ్యంగా, బంతి చేతిలోంచి జారాక పిన్నులు పడ్డాయా లేదా అని కాకుండా, బంతి ఎక్కడ తిరిగిందో చూడటం. లేన్ గురించి చెప్పేది అదొక్కటే కదా.

ఆ ఫోన్ కాల్

అలాంటి ఓ బుధవారం రాత్రి, కార్లో కూర్చుని ఫోన్ చేశాడు. ఎందుకో ఆ రోజు తండ్రి మొదటి గంటకే తీశాడు.

''ఏరా, గెలిచారా?''

అది అమ్మ అడిగే మాట. ఆవిడ పోయాక ఎవరూ అడగలేదు. అతనికి గొంతు పెగల్లేదు.

''ఓడిపోయాం నాన్నగారూ. కానీ బాగా ఆడాను'' అన్నాడు చివరికి.

ఆ రోజు రమ్మని అడగలేదు. అడగాలనే చేశాడు, కానీ నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది. బదులుగా పొద్దున్నే ఏం చేశారని అడిగాడు. ఆయన చెప్పాడు. దాళ్వా చేను పొట్ట మీదుందట. చివరి తడికి నీళ్లు సరిగ్గా రావడం లేదట, వంతులేశారట. కొబ్బరికాయ ధర పడిపోయిందట. సాయంత్రం పూట అరుగు మీద నలుగురు చేరుతున్నారట. అమ్మ పెంచిన మందార మొక్కకి చీడ పడితే వేపనూనె కొట్టాడట. పది నిమిషాలు మాట్లాడాడు. మూడు నెలల్లో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

అప్పుడు అర్థమైంది అతనికి, తను ఎవర్ని ఎక్కడి నుంచి లాగెయ్యాలని చూస్తున్నాడో. ఆ చేను, ఆ అరుగు, ఆ మందార మొక్క... ఆవిడ మిగిలింది అక్కడే. ఆయన్ని అక్కడి నుంచి రమ్మంటే ఇంకోసారి పోగొట్టుకోమన్నట్టే. తను మాత్రం నిలబడిన చోటు నుంచి అంగుళం కదలకుండా, రోజూ ఇంకాస్త గట్టిగా విసురుతున్నాడు.

మర్నాడు ఆఫీసులో అడిగాడు. మూడు వారాల సెలవు, ఇంకో మూడు వారాలు ఇండియా నుంచి రాత్రిపూట పని. మేనేజరు కాస్త ఆలోచించి సరేనన్నాడు. ఆ ఆదివారం తండ్రికి చెప్పాడు. ''నేనే వత్తాన్నాన్నగారూ. మేలో. నెలన్నర ఉంటాను. ఇక నుంచి ఏటా అంతే.''

''ఇంటర్నెట్టు ఉండాలేమోరా నీకు'' అన్నాడాయన. వారం తిరక్కుండా కనెక్షన్ పెట్టించేశాడు.

లీగ్ ఏప్రిల్ మొదటి వారంలో ముగిసింది. ఆఖరి రాత్రి లేన్లు ఎప్పటిలాగే ఎండి ఉన్నాయి. 164, 171, 178. గొప్ప అంకెలేం కావు. ఈ ఆటలో 300 కొట్టేవాళ్లున్నారు, పన్నెండు స్ట్రైకులు వరసగా. కానీ ఆ మూడు ఆటల్లో వదిలేసిన ఒంటి పిన్ను ఒక్కటీ లేదు. ఎనిమిది జట్లలో వాళ్లది నాలుగో స్థానం. పెద్దాయన చెయ్యి కలిపి, ''కాజా మరిచిపోకు'' అన్నాడు.

పౌడరు లేని బోర్డు

2024 మే నెలాఖరు. ఊళ్లో ఎన్నికల హడావిడి ముగిసి, ఫలితాల కోసం ఎదురుచూపులు నడుస్తున్నాయి. దాళ్వా కోతలయ్యాయి, కాలువలు కట్టేశారు. చిన్నప్పుడు ఈతలు కొట్టిన కాలువలో అడుగున బురద పెచ్చులు కట్టి కనిపిస్తోంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ ఈ డెల్టాకి నీళ్లొచ్చే నెలలూ తెలుసు, కట్టేసే రోజులూ తెలుసు. కాలువ ఎండిందని ఇక్కడి రైతు గుండెలు బాదుకోడు. ఆ రోజుల్లో చేసే పనులు వేరే ఉంటాయి. బోదెలు పూడిక తీసుకోవడం, గట్లు వేసుకోవడం, చేలకి పెంట తోలుకోవడం. తండ్రీ కొడుకులిద్దరూ ఓ పూట చేనుగట్టు మీద తిరిగొచ్చారు. ముందు ఆయన, వెనక ఇతను. ఆయన ఈమధ్య కర్ర పట్టుకుంటున్నాడని ఫోన్‌లో ఎప్పుడూ చెప్పలేదు.

అతను రాత్రిళ్లు ముందుగదిలో కూర్చుని పనిచేసుకునేవాడు. అటు డెట్రాయిట్‌లో మధ్యాహ్నం. తండ్రి నడవాలో నవారు మంచం వేయించుకునేవాడు. మధ్యలో లేచి, ''ఇంకా అవ్వలేదేటి? మజ్జిగ తాగుతావా?'' అని అడిగేవాడు. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో నెలన్నర ఉండి ఇరవై నాలుగేళ్లయింది.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. అరుగు మీద కూర్చుని ఉంటే, ఆయన అటక మీంచి క్యారమ్స్ బోర్డు దింపించాడు. కొడుకు హైస్కూలు రోజుల్లో రాజమండ్రిలో కొన్నది. దుమ్ము తుడిచారు. పౌడరు డబ్బా కోసం వెతికితే అడుగంటిపోయి ఉంది.

''కొట్లో తెత్తానుండండి'' అని లేచాడు కొడుకు.

''ఎందుకురా, కూర్చో'' అన్నాడు తండ్రి.

స్ట్రైకర్ బోర్డు మీద బరబరా ఈడ్చుకుంటోంది. కొడుకు కొట్టిన కాయిన్ సగం దూరంలో ఆగిపోయింది. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. స్ట్రైకర్ ఎగిరి అరుగు కింద పడింది. ఎదురింటి పిల్లాడు తెచ్చిచ్చాడు.

తండ్రి దూరంగా ఉన్న కాయిన్ల జోలికి పోలేదు. ఈ మూలనున్న నల్ల కాయిన్ వైపు చూశాడు. అక్కడి నుంచి గురి కుదరలేదు. స్ట్రైకర్‌ని గీత మీద మెల్లగా ఎడమకి జరిపాడు. ఒకసారి చూసుకున్నాడు. ఇంకొంచెం జరిపాడు. వణుకుతున్న వేలితో, చిన్నగా, తట్టినట్టు కొట్టాడు.

కాయిన్ మెల్లగా వెళ్లి మూలన పడింది.

''నీ వంతురా'' అన్నాడు.